బండిలో వైర్‌లెస్ సెట్టు బిగింపు: ఇకనుంచి మా షాపులో పద్ధతి ఇదీ

జయపురం, కొరాపుట్, సెమిలిగుడ, రాయగడ వైపు నుంచి మా దగ్గరికి బండ్లు తెచ్చే అందరికీ నమస్కారం. వైర్‌లెస్ సెట్టంటే మైకు పట్టుకుని ఇంకో బండితో మాట్లాడుకునే రేడియో. ఈమధ్య అందరూ ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నారు: "సెట్టు నేనే కొన్నాను, వీడియోలో చూపించినట్టు డ్యాష్‌బోర్డు మీద బిగించడానికి ఎంత తీసుకుంటారు?" ఒక్కొక్కరికీ చెప్పలేక ఇలా రాస్తున్నాను. డ్యాష్‌బోర్డు మీద బిగించే పని ఇక మేం చెయ్యం. ఎక్కడ బిగించాలో ఫోన్లో చెప్పడం కూడా మానేశాం. బండి తెచ్చి, మీరు మీ సీట్లో కూర్చున్నాకే ఆ మాట.

ముందు ఎయిర్‌బ్యాగు సంగతి. 2019 జూలై నుంచి కొత్త కార్లకు డ్రైవరు వైపు, 2021 ఆఖరుకల్లా పక్క సీటు వైపు కూడా ఎయిర్‌బ్యాగు తప్పనిసరి చేశారు. పక్క సీటు బ్యాగు డ్యాష్‌బోర్డు పైభాగం చీల్చుకుని వస్తుంది. దాని దారిలో ఇనప డబ్బా పెడితే అది మీ ఇంటావిడ ముఖం మీదికే వస్తుంది. అద్దం పక్క స్తంభంలో కర్టెన్ బ్యాగు (పక్క కిటికీల మీద తెరలా దిగే ఎయిర్‌బ్యాగు) ఉన్న బండ్లలో యాంటెనా వైరు దానికి అడ్డంగా లాగకూడదు. పాత జీపుల వాళ్లకి ఈ బెంగ లేదు, వాళ్లకి తుప్పు బెంగ చాలు.

ఇంకో విషయం, ఆ వీడియోలు ఎక్కువగా బయటి దేశాలవి. అక్కడ స్టీరింగు ఎడమవైపు. మనకి ఎడమచెయ్యే గేరూ మార్చాలి, మైకూ పట్టాలి. జయపురం ఘాట్ ఎక్కుతున్నప్పుడు ఆ చెయ్యి గేరు రాడ్డు వదలదు. అందుకే మలుపుల్లో మాట్లాడాల్సింది పక్కన కూర్చున్న మనిషి అని నా అభిప్రాయం. మైకు హుక్కు రెండు సీట్ల మధ్య, ఇద్దరికీ అందేలా ఉండాలి. తీగ మాత్రం గేరుకీ హ్యాండ్ బ్రేకుకీ చుట్టుకోకూడదు.

ఇది చెబితే ఎవరూ నమ్మరు, అందుకని అట్టముక్కలు మొదలుపెట్టాం. సెట్టు కొలతకి అట్టపెట్టె కోసి, మైకుకి ఇంకో ముక్క కోసి మాస్కింగ్ టేపుతో అంటిస్తాం. మీరు బెల్టు పెట్టుకుని స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పండి. రివర్స్ వెయ్యండి, ఫోర్ లో (నాలుగు చక్రాలూ తక్కువ గేరులో లాగే) రాడ్డు ఉంటే అదీ లాగండి. అప్పుడు ఆ అట్టతోనే ఘాట్ ఎక్కి కొరాపుట్ దాకా వెళ్లి రండి. మోకాలు ఎక్కడ తగిలిందో అట్ట నలిగిన చోటే చెబుతుంది. రాయగడ నుంచి వచ్చిన ఒక పెద్దాయన "అట్టముక్కల ఆటలేటి బాబూ, స్క్రూ కొట్టీ" అన్నారు. తిరిగొచ్చాక ఏమీ మాట్లాడకుండా అట్ట తనే పీకి, జానెడు కిందకి, గేరు రాడ్డుకి అవతలిపక్కన అంటించి చూపించారు. ఇప్పుడు సెట్టు అక్కడే ఉంది.

ముఖం విడిగా ఊడొచ్చే సెట్టు అయితే పని సులువు. బటన్ల ముఖం కంటికీ చేతికీ అందే చోట, డబ్బా సీటు కింద. కానీ థార్‌లో నేల కడుక్కోవడానికి డ్రెయిన్ ప్లగ్గులు ఉంటాయి, మనవాళ్లు పైపు పెట్టి కడిగేస్తారు కూడా. అందుకని డబ్బాని నేలకి ఆనించకుండా బ్రాకెట్ మీద ఎత్తి పెడతాం. కార్పెట్ కింద దాచమని అడక్కండి, మాట్లాడుతున్నంతసేపూ సెట్టు కాలుతుంది, గాలి తగలాలి. సీటు కింద నుంచి మాట సరిగా వినపడదు, విడి స్పీకరు ఖర్చు అదనం.

డబ్బా ఎక్కడున్నా సర్దుకోవచ్చు, యాంటెనా విషయంలో సర్దుబాటు లేదు. ఈ సెట్లు వాడే వీహెచ్‌ఎఫ్ రేడియో సిగ్నల్ దాదాపు తిన్నగా పోతుంది. సుంకి ఘాట్‌లో మధ్యన కొండ అడ్డొస్తే 25 వాట్ల సెట్టు తీసి 50 వాట్లది పెట్టినా కొండ కొండే. అదే యాంటెనా బంపరు మీద నుంచి టాపు నడిమధ్యకి మారిస్తే తేడా చెవికి తెలుస్తుంది. టాపు రేకే దానికి గ్రౌండు, అంటే యాంటెనా పనిచెయ్యడానికి కింద కావాల్సిన లోహం; అరమీటరు కడ్డీ చాలు. బంపరు మీద పెడితే బండి బాడీయే సిగ్నల్‌కి అడ్డం. కొత్త బండి టాపుకి చిల్లు అంటే మీకు ప్రాణం విలవిల్లాడుతుందని తెలుసు. అయస్కాంతం బేస్ పెడతాం, కాకపోతే కింద దుమ్ము చేరి పెయింటు గీసుకుంటుంది, గుప్తేశ్వరం అడవి దారిలో కొమ్మ తగిలితే ఎగిరిపోతుంది. గుడ్డ టాపు, ఫైబర్ టాపు బండ్లకి రేకు గ్రౌండు దొరకదు కాబట్టి వేరే రకం యాంటెనా కావాలి. క్యారియరు కమ్మీల మధ్య మాత్రం ఇరికించం. అన్నీ అయ్యాక ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు (సెట్టు పంపే శక్తిలో ఎంత యాంటెనా నుంచి వెనక్కి వస్తోందో చూపేది) పెట్టి చూస్తాం. 1.5 లోపు రాకపోతే బండి ఇవ్వం, రీడింగు బిల్లు మీద రాసిస్తాం.

కరెంటు నేరుగా బ్యాటరీ నుంచే, ఫ్యూజు బ్యాటరీ పక్కనే. సిగరెట్ లైటర్ నుంచి లాగం.

ఇక లైసెన్సు. కంపెనీ పనికి వాడే సెట్టుకి టెలికాం శాఖలో వైర్‌లెస్ అనుమతులు చూసే డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చిన కాగితం, హామ్ (అభిరుచితో నడిపే రేడియో) సెట్టుకి పరీక్ష పాసై తెచ్చుకున్న లైసెన్సు చూపించాలి. ఆన్‌లైన్లో వాకీటాకీల అమ్మకం మీద కేంద్రం 2025లో మార్గదర్శకాలు తెచ్చింది. కాగితం లేదని కొందరిని వెనక్కి పంపాం, గల్లా మీద ఆ దెబ్బ పడింది కూడా. దేవమాలి కొండకి రెండు మూడు బండ్లలో సరదాగా వెళ్లేవాళ్లకి లైసెన్సు అక్కర్లేని 446 మెగాహెర్ట్జ్ చేతి సెట్లు చాలు. వాటికి మా అవసరమే లేదు, ఒక హోల్డరు, చార్జరు కొనుక్కోండి.

అట్ట పరీక్షతో రోజంతా పడుతోంది కాబట్టి లేబరు 1,800 రూపాయలు ఉన్నది 2,500 చేశాం. రోజుకి ఒక్క బండే తీసుకుంటాం, పొద్దున తొమ్మిదికల్లా తెండి. ఎక్కువగా నడిపే మనిషే రావాలి, డ్రైవరుంటే డ్రైవరునే పంపండి. ఇప్పటికే డ్యాష్‌బోర్డు మీద బిగించుకున్నవాళ్లకి మార్చి పెడతాం, పాత స్క్రూ కన్నాలు మాత్రం కనబడతాయి.