పెళ్లి క్యాసెట్లలోని ముఖాలు మార్చవద్దు

గౌరవనీయులైన సంపాదకులకు,

పాత పెళ్లి క్యాసెట్లను ‘ఫోర్‌కే’ నాణ్యతతో పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇస్తామన్న ప్రకటనలు ఈమధ్య ఊరూరా కనిపిస్తున్నాయి. క్యాసెట్లను డిజిటల్‌లోకి మార్చుకోవడం అత్యవసరమే. వీసీఆర్‌లు తయారుచేస్తూ వచ్చిన చివరి సంస్థ, జపాన్‌కు చెందిన ఫునాయ్, 2016 జులైలో ఆ పని ఆపేసింది. టేపులను ఆడించే యంత్రాలు త్వరలోనే కరవవుతాయని యునెస్కో కూడా 2019లో హెచ్చరించింది. అయితే ఈ తొందరలో పని జరుగుతున్న తీరు, వీడియో ఎడిటింగ్ వృత్తిలో ఉన్న నాకు ఆందోళన కలిగిస్తోంది.

మన దేశంలో వాడిన పాల్ అనే టీవీ చిత్ర పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు ఉంటాయి. ఒక్కో ఫ్రేము బేసి గీతలు, సరి గీతలు అని రెండు ఫీల్డులుగా నమోదవుతుంది కాబట్టి, టేపు మీద సెకనుకు 50 వేర్వేరు క్షణాలు ఉన్నట్టు లెక్క. ఈ ఫీల్డులను నిండు ఫ్రేములుగా మార్చే డీఇంటర్లేసింగ్ చేయకుండా రెండర్ చేస్తే, అంటే తుది వీడియో ఫైలు తయారుచేస్తే, తలంబ్రాలు పోసే చేతుల అంచుల్లో దువ్వెన పళ్లలాంటి గీతలు తేలతాయి. ఒక ఫీల్డును వదిలేసి చేస్తే కదలికలో సగం పోతుంది. సెకనుకు 50 ఫ్రేములతో రెండర్ చేసి ఇమ్మని అడగడమే దీనికి మార్గం. పాత టీవీల 4:3 కొలత (వెడల్పు:ఎత్తు) చిత్రాన్ని కొత్త వెడల్పాటి టీవీ తెరకు సరిపడేలా సాగదీసి, పెళ్లికూతురిని లావుగా చూపించడాన్ని కూడా కొందరు మరమ్మతు కిందే జమకడుతున్నారు!

వీటన్నిటికంటే పెద్ద చిక్కు కృత్రిమ మేధతో జరుగుతోంది. వీహెచ్ఎస్ క్యాసెట్‌లో అడ్డంగా దొరికే వివరం సుమారు 240 గీతలే. పందిట్లో వెనక వరుసలో కూర్చున్న నాయనమ్మ ముఖానికి అందులో వచ్చేది ఏ పదో పదిహేనో. అంత తక్కువ సమాచారం నుంచి స్పష్టమైన ముఖాన్ని తీయాలంటే, సాఫ్ట్‌వేర్ తాను అంతకుముందు నేర్చుకున్న లక్షలాది ముఖాల ఆధారంగా కళ్లు, పెదవులు ఊహించి గీయవలసిందే. ఆ ముఖం చక్కగానే ఉంటుంది గాని నాయనమ్మది కాదు. ఆమెకు వేరే ఫొటో ఏదీ లేని ఇంట్లో, తర్వాతి తరం పిల్లలు ఆ కల్పననే ఆమె రూపమనుకుంటారు. రంగులు సరిదిద్దడం, వణుకు తగ్గించడం, అడుగున కనిపించే చెదిరిన గీతలను కత్తిరించడం వంటివాటికి నాకు అభ్యంతరం లేదు. అవి ఉన్నదాన్ని బాగుచేస్తాయి, లేనిదాన్ని చేర్చవు.

అందుచేత స్టూడియోకు క్యాసెట్ ఇచ్చేవారు, ఏ మార్పూ చేయని మొదటి క్యాప్చర్ ఫైలును (టేపు నుంచి నేరుగా కంప్యూటర్‌లోకి ఎక్కించినదాన్ని) కూడా విడిగా అడిగి తీసుకోవాలని మనవి. డీవీ అనే డిజిటల్ వీడియో పద్ధతిలో అది గంటకు సుమారు 13 జీబీ అవుతుంది. ఇప్పటి హార్డ్ డిస్కులకు అదొక బరువు కాదు. అది చేతిలో ఉంటే రేపు ఇంతకంటే మెరుగైన సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడు మళ్లీ మొదటి నుంచి చేసుకోవచ్చు. బాగా కుదించిన ఎంపీఫోర్ ఒక్కటే మిగిలి, క్యాసెట్ కూడా పారేస్తే, ఉన్నదీ పోయింది, ఉంచుకున్నదీ పోయింది అన్నట్టవుతుంది. తెల్లగా ఫంగస్ పట్టిన క్యాసెట్‌ను మాత్రం శుభ్రం చేయించకుండా ఇంట్లో ఆడించి చూడవద్దు. ఆ బూజు వీసీఆర్ హెడ్‌కు అంటుకుని, తర్వాత పెట్టిన క్యాసెట్లకూ పాకుతుంది.

స్టూడియోల వారికి కూడా ఒక విన్నపం. కృత్రిమ మేధతో ముఖాలను మార్చినట్లయితే ఆ సంగతి రశీదులోను, ఫైలు పేరులోను స్పష్టంగా రాసి ఇవ్వండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రాజమహేంద్రవరం