జనవరి రేసులో తప్పు నాదే, డిసెంబరుకి ఏం మార్చామంటే

అందరికీ నమస్కారమండీ.

సంక్రాంతి తర్వాతి ఆదివారం సఖినేటిపల్లి రేవు దగ్గర మేం పెట్టిన అడ్వెంచర్ రేసులో తొమ్మిది టీములు ఆఖరి దాకా రాలేకపోయాయి. కొత్తవాళ్లు కదా, ప్రాక్టీసు చాల్లేదని కొందరు నాకు సర్దిచెప్పారు. కారణం అది కాదండీ. నేను వేసిన టైము తప్పు.

రానివాళ్ల కోసం చెబుతాను. ఇద్దరేసి ఒక టీము. పొలం గట్ల మీద 5 కిలోమీటర్ల పరుగు, కాలువ గట్ల మీద 20 కిలోమీటర్ల సైకిలు, చివర్లో గోదావరి పాయ వశిష్ఠలో 4 కిలోమీటర్ల కయాకింగ్, అంటే సన్నటి చిన్న పడవలో తెడ్డు వేసుకుంటూ వెళ్లడం. ఈత, సైకిలు, పరుగు కలిసిన ట్రయథ్లాన్‌లో లాగా దారి పొడవునా గుర్తులుండవు. మ్యాపు, దిక్సూచి చూసుకుంటూ చెక్‌పాయింట్లు వెతుక్కోవాలి. జీపీఎస్ వాడకూడదు.

ఆ రోజు అమావాస్య. సముద్రం దగ్గరే కాబట్టి అక్కడ గోదావరికి రోజుకి రెండుసార్లు పోటు (నీరు ఎగువకి ఎక్కడం), రెండుసార్లు పాటు (నీరు సముద్రం వైపు తీయడం). అమావాస్యకీ పున్నమికీ లాగుడు మరీ ఎక్కువ. అలవాటున్న టీములు ముందే రేవుకొచ్చి, పోటు సాయంతో ఎగువకెళ్లి, పాటు ముదరకుండానే తిరిగొచ్చేశాయి. కొత్తవాళ్లు చెక్‌పాయింట్లన్నీ వెతుక్కుని వచ్చేసరికి పదిన్నర. అప్పటికి నీరు సముద్రం వైపు తీస్తోంది. చెయ్యి తిరిగినవాళ్లకి సాయం చేసే నీరు, మొదటిసారి తెడ్డు పట్టినవాళ్లకి ఎదురు నీరు ఇచ్చానన్నమాట.

రాజోలు నుంచి వచ్చిన ఒకావిడ దగ్గరికి మోటారు పడవలో వెళ్లాను. అరచేతులు రెండూ బొబ్బలెక్కాయి. "పావుగంట నుంచి వేస్తూనే ఉన్నానండీ, ఆ వంగిన కొబ్బరిచెట్టు దాటలేకపోతున్నాను" అన్నారు. చెట్టు ఆవిడకి సరిగ్గా ఎదురుగానే ఉంది. ఇంకో టీము నది మధ్య లంక ఒడ్డున ఆగిపోతే, మాకున్నవి రెండే మోటారు పడవలు కావడంతో వాళ్లని తీసుకురావడానికి గంటన్నర పట్టింది. అందరికీ లైఫ్ జాకెట్లున్నాయి, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ తాగే నీళ్లయిపోయి అంతసేపు ఎండలో కూర్చోవడం చిన్న విషయం కాదు.

మా పడవ నడిపే సరంగుగారు ముందురోజే హెచ్చరించారు, "రేపు అమావాస్య పాటండీ, పది దాటితే ఎదురెళ్లలేరు" అని. టైము అందరికీ చెప్పేశాం కదా అని నేను వినలేదు. ఆయనకి క్షమాపణ చెప్పాను, మీకూ చెబుతున్నాను. తొమ్మిది టీములకీ ఫీజు మొత్తం వెనక్కి పంపేశాం.

ఈసారి సెలవు చూసి కాక, పోటు పట్టిక చూసి తేదీ వేస్తున్నాం. డిసెంబరులో అష్టమికి దగ్గరగా వచ్చే ఆదివారం. అప్పుడు పోటూ పాటూ రెండూ మెత్తగా ఉంటాయి. ఆగస్టులో పెట్టమని చాలామంది అడుగుతున్నారు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి వరద 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేసే కాలం అది. ఎవరడిగినా పెట్టను. అక్టోబరు, నవంబరుల్లో తుఫాన్ల భయం.

కొత్తవాళ్లకి కయాక్ ఇక కాలువలోనే. అలసిపోతే గట్టెక్కేయొచ్చు. 2 కిలోమీటర్లే, అదీ అన్నిటికంటే ముందు, చేతుల్లో సత్తువ ఉండగానే.

కొండలు లేవు, మరీ సులువుగా ఉందన్న సీనియర్లకి ఒక మాట. ఇక్కడి కష్టమంతా లంకల్లో ఉందండీ. ప్రతి వరదకీ ఒకచోట ఒడ్డు కోసుకుపోతుంది, ఇంకోచోట ఇసుక మేట వేస్తుంది. నిరుడు పడవ వెళ్లిన పాయలో ఈ ఏడు మోకాలి లోతు కూడా ఉండకపోవచ్చు. అందుకే వరద తగ్గాక లంకలన్నీ మళ్లీ నడిచి మ్యాపు గీస్తాం. మీకు నదిలో 8 కిలోమీటర్లు, కయాక్ భుజాన మోసుకెళ్లాల్సిన చోట్లు రెండు.

మోటారు పడవలు రెండు నుంచి నాలుగు చేశాం, టీములు 60 నుంచి 40కి తగ్గించాం. దాంతో ఫీజు టీముకి 400 రూపాయలు పెరిగింది. పెంచడం నాకూ ఇష్టం లేదు, కానీ పడవలు తగ్గించి మాత్రం ఇక రేసు పెట్టలేను.

నవంబరులో, వాతావరణం బాగుంటే, ఆదివారం ఉదయాల్లో కాలువలో తెడ్డు వేయడం ఉచితంగా నేర్పుతాం. ఈత రానివాళ్లని నడుం లోతు దాటనివ్వం. రాజోలు ఆవిడ మొదటి ఆదివారానికే పేరిచ్చారు.