జెలాయా జిల్లా ఇంకెన్నాళ్లు?

పోటీ పరీక్షల గైడ్లలో, గ్రంథాలయాల గోడ మ్యాపుల్లో మధ్య అమెరికా దేశం నికరాగ్వా తూర్పు భాగం ఇప్పటికీ ‘జెలాయా’ అనే ఒకే జిల్లాగా కనిపిస్తోంది. ఆ దేశంలో దాదాపు సగం అదే, అయినా ఆ జిల్లా పోయి చాలా ఏళ్లయింది. 1987 నాటి స్వయంప్రతిపత్తి చట్టంతో అది ఉత్తర, దక్షిణ ప్రాంతాలుగా విడిపోయింది. ఉత్తరానికి బిల్వి, దక్షిణానికి బ్లూఫీల్డ్స్ కేంద్రాలు, రెండింటికీ ఎన్నికైన 45 మంది సభ్యులతో ప్రాంతీయ మండళ్లు ఉన్నాయి. ఈ ప్రాంతాలకు మొదట పెట్టిన ‘అట్లాంటిక్’ అన్న పేరు 2014లో ‘కరిబియన్ తీరం’గా మారింది. 1894లో మిస్కిటో తీరం అనే ఈ తూర్పు తీరాన్ని సైన్యంతో దేశంలో కలిపేసుకున్న నికరాగ్వా అధ్యక్షుడి పేరే జెలాయా. అక్కడి మిస్కిటో, మాయాంగ్నా, రామా ఆదివాసీ జనానికి ఆ పేరు వింటే ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? 2020 నవంబరులో రెండు వారాల తేడాతో ఈటా, అయోటా తుపాన్లు బిల్వి దగ్గర తీరం దాటినప్పుడు, మా ఊరి గ్రంథాలయం మ్యాపులో ఆ ఊరి కోసం అరగంట వెతికాను. చివరికి సెల్లోటేప్ అంటించిన మడత కింద ‘ప్యూర్టో కాబెజాస్’ అని దాని స్పానిష్ పేరు దొరికింది. ఆ టేపు పక్కనే ఒక సవరణ చీటీ అతికించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. గ్రంథాలయ సంస్థలు ఆ పని వెంటనే చేయాలి. గైడ్ల ప్రచురణకర్తలు ప్రతి కొత్త ముద్రణకు ముందు దేశాల పాలనా విభాగాలను సరిచూడాలి. మీ విదేశీ వార్తల పేజీలో మ్యాపు వేసినప్పుడు ఇప్పటి పేరు, బ్రాకెట్లో పాత పేరు ఇవ్వండి.

– ఒక పాఠకుడు, కాకినాడ