గోళ్ళ రంగు గురించి నువ్వు చెప్పిన అబద్ధం

బుజ్జమ్మకు నాన్న ఆశీస్సులు.

నువ్వు బెంగళూరు బస్సెక్కి ఇవాళ్టికి పది రోజులు. రోజూ ఫోనులో మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఏం తిన్నావు, మాత్ర వేసుకున్నావా, నొప్పి తగ్గిందా అని అడుగుతావు. ఆ ఒక్క సంగతి మాత్రం అడగవు. నేనూ చెప్పను. అందుకే కాగితం తీసుకున్నాను.

ఆ సాయంత్రం వార్డులో సిస్టర్ నా కాళ్ళ మీది దుప్పటి తొలగించి "ఇదేమిటండీ?" అంటే, నువ్వు తడుముకోకుండా "తాతయ్య నిద్రపోతుంటే మా పాప ఆడుకుంటూ వేసింది" అన్నావు. పాపకు ఏడాదిన్నర. పది వేళ్ళకూ, అంచు దాటకుండా, రెండు పూతలు! ఆ సిస్టర్ నమ్మి ఉండదు, అయినా తల ఊపి వెళ్ళిపోయింది. నేను మెలకువగానే ఉన్నాను. కళ్ళు మూసుకుని నిద్ర నటించాను. గోళ్ళకు రంగు వేసుకున్నందుకు నాకు సిగ్గు లేదు గానీ, ఆ నటనకు మాత్రం ఇప్పటికీ ఉంది.

ఆ రంగు వేసుకున్నది నేనే తల్లీ. నీకు తెలుసని నాకూ తెలుసు. అయినా ఒకసారి నా చేతిరాతలో ఉండాలి.

ఆ రాత్రి అమ్మ పిన్ని వాళ్ళ ఊళ్ళో ఉంది. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన వెంకటగిరి చీర కట్టుకుని, గోళ్ళు ఆరబెట్టుకుంటూ, రేడియోలో పాత పాటలు వింటున్నాను. పదకొండింటికి కుడి పక్కటెముకల కింద నొప్పి మొదలై వీపులోకి పాకింది. పిత్తాశయంలో రాళ్ళని అప్పటికి తెలియదు, గుండె అనుకున్నాను. 108కి ఫోను చేసే ముందు నేను చేసిన పని ఏమిటో తెలుసా? చీర విప్పి, మడత పెట్టి, పెట్టెలో పెట్టి తాళం వేశాను. చచ్చిపోతున్నానని అనుకుంటూ కూడా కుచ్చిళ్ళు సరిచేసి మడత పెట్టాను. లుంగీ, చొక్కా తగిలించుకునేసరికి వాంతి. గోళ్ళు తుడుచుకునే ఓపిక లేదు.

క్యాజువాలిటీలో వేలికి తగిలించే ఆక్సిజన్ క్లిప్పు అంకె నిలకడగా చూపించలేదు. అందులోంచి ఎర్రని వెలుతురు, కంటికి కనిపించని మరో కిరణం గోరు గుండా అవతలికి వెళ్ళాలట. ముదురు మెరూన్ రంగు ఒక్కోసారి అడ్డొస్తుందట. డ్యూటీ డాక్టరు నీకంటే చిన్న పిల్ల. ఒక్క ప్రశ్న కూడా వేయకుండా క్లిప్పును వేలికి అడ్డంగా తిప్పి పెట్టింది, అంకె వచ్చింది. ఈసీజీ తీసే అబ్బాయి ఛాతీ చూసి "గొరగాల్సిన పని లేదు సార్, మీరే చేసుకొచ్చారు" అన్నాడు. వెటకారమో, సంతోషమో అర్థం కాలేదు. నడుము చుట్టూ పావడా బొందు గీత ఇంకా చెరగలేదు. కడుపు నొక్కి చూస్తున్న పెద్ద డాక్టరు దాని మీద వేలు ఒక్క క్షణం ఆపి, మళ్ళీ కదిపాడు. ఆయన ఏమనుకున్నాడో గానీ, నేను మాత్రం నొప్పి మరచిపోయి ఆ వేలినే చూస్తూ ఉండిపోయాను.

స్కానింగుకు తీసుకెళ్ళేటప్పుడు వార్డుబాయ్ ఇంకొకణ్ణి పిలిచి నా చేతులు చూపించాడు. వాళ్ళన్న మాట ఇక్కడ రాయను. తమాషా ఏమిటంటే, అప్పటికి నా ఒంటి మీద వాళ్ళు తొడిగిందే ఉంది: మోకాళ్ళ దాకా గౌను, వెనక బొందులు. వార్డులో మగవాళ్ళందరికీ అదే, దాన్ని చూసి ఎవరూ నవ్వరు.

మధ్యాహ్నానికి నువ్వు వచ్చావు. నా వేళ్ళు చూశావు. మాట్లాడకుండా కిందికి వెళ్ళి రిమూవర్ సీసా, దూది తెచ్చి ఒక్కో గోరూ తుడిచావు, చిన్నప్పుడు నీ చేతుల గోరింటాకు నేను కడిగినట్టు. కాళ్ళు దుప్పటి కింద ఉండడంతో మనిద్దరికీ గుర్తు రాలేదు.

ఇది ఎప్పటి నుంచి అని నీకు అనుమానం ఉంటుంది. పన్నెండేళ్ళప్పుడు తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మీ నాయనమ్మ మొక్కు తీర్చడానికి నాకు చీర కట్టించింది. తిరుపతిలో అది వింత కాదు కదా. మీసాలున్న మగవాళ్ళు చీరలు కట్టి, పూలు పెట్టుకుని గుడికి నడుస్తారు, ఊరంతా దండం పెడుతుంది. మిగతా పిల్లలు సాయంత్రానికి విప్పేసి పరుగెత్తారు. నేను పొద్దుపోయేదాకా విప్పలేదు. నాటకాల్లో స్థానం నరసింహారావు గారు, కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు ఆడవేషాలతోనే పద్మశ్రీలు అందుకున్నారు. కానీ వాళ్ళది కళ. నాకు ఆడడం రాదు, పాడడం రాదు. చీర కట్టుకుని కందిపప్పు ఏరుకుంటూ కూర్చుంటే ప్రాణం కుదుటపడుతుంది, అంతే. దీన్ని క్రాస్ డ్రెస్సింగ్ అంటారని నలభై దాటాక తెలిసింది. ఆడదాన్ని కావాలని నాకు లేదు. అలా కావాలనుకునే వాళ్ళ బాధ వేరు, అది నాదని చెప్పుకోను.

నేను హైదరాబాదులో ఉద్యోగం చేసిన రోజుల్లో, 1919 నాటి నిజాం కాలపు చట్టం ఒకటి ఇంకా పుస్తకాల్లో ఉండేది. దాని ప్రకారం నపుంసకులు ఆడబట్టలతో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండానే పట్టుకోవచ్చు. తెలంగాణ హైకోర్టు 2023లో కొట్టేసింది. ఆ వార్త పేపర్లో చదివి అమ్మకు చూపించాను. దాని దెబ్బ తిన్నది హిజ్రాలు. నేను తలుపు గడియ పెట్టుకుని భద్రంగా ఉన్నవాణ్ణి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో కూడా ఒకప్పుడు ఈ క్రాస్ డ్రెస్సింగ్‌కు ఒక చోటు ఉండేది, 2022 నుంచి అమల్లో ఉన్న కొత్త జాబితాలో తీసేశారు. ఇవన్నీ తెలిసినవాణ్ణే, ఆ రాత్రి చీర మడత పెడుతూ కూర్చున్నాను.

అమ్మకు పెళ్ళయిన ఆరో ఏడు నుంచి తెలుసు. నెల రోజులు మాట్లాడలేదు. తర్వాత ఒకనాడు "కుచ్చిళ్ళు పొట్టిగా పోస్తున్నారు" అంది. ఆ నెల రోజుల సంగతి ఆమె చెప్పాలి, నేను కాదు.

ఇప్పుడు అసలు విషయం. వాపు తగ్గింది కాబట్టి వచ్చే నెలలో పిత్తాశయం తీసేస్తారు. నాలుగు చిన్న రంధ్రాలు, అందులో ఒకటి బొడ్డు దగ్గర. ఆ గాయం మానేదాకా ఎన్ని వారాలు పావడా బొందు బిగించకూడదో డాక్టరునే అడగాలి. లుంగీ గురించి అడిగినట్టు అడిగి తప్పించుకోవచ్చు, కానీ బొందు వేరు, లుంగీ ముడి వేరు. సూటిగానే అడుగుతాను. ఆయన ఎవరికీ చెప్పకూడదు, అది రోగికి ఉన్న హక్కు. సిస్టర్ అడిగినా నేనే చెబుతాను. నువ్వు పక్కన ఉండు, చాలు. పాప మీదికి మాత్రం నెట్టకు, పాపం.

వచ్చేటప్పుడు రిమూవర్ సీసా ఇంకొకటి తీసుకురా. నువ్వు తెచ్చింది మొన్న అయిపోయింది.

మీ నాన్న