నీ హ్యాండ్లర్ల డాక్యుమెంటు చదివానురా

ఏరా, ఎలాగున్నావు? ఇక్కడ విజయనగరంలో పైడితల్లమ్మ పండగ సందడి మొదలైపోయింది, సిరిమాను చూడ్డానికొస్తానన్నావు, టికెట్టు చేసావో లేదో ఒక్క ముక్క చెప్పవు.

సరే, నువ్వు పంపిన డాక్యుమెంటూ, దాంతోపాటు మెయిన్ ఫైలూ రెండూ చదివాను. మీ ప్రోగ్రామ్‌కి ఏ సిగ్నల్ (నడుస్తున్న ప్రోగ్రామ్‌కి సిస్టమ్ అందించే చిన్న కబురు) వస్తే ఏ హ్యాండ్లర్ (అది రాగానే నడిచే ఫంక్షన్) నడుస్తదో టేబుల్ వేసావు, ఒక పక్క సిగ్నల్ పేరు, ఇంకో పక్క ఫంక్షన్ పేరు. అది కోడ్ తెరిస్తే ఎవడికైనా కనిపిస్తది కదరా! కనిపించనిదేటంటే ఎవరు పంపుతారు, ప్రోగ్రామ్ ఎప్పట్నుంచి వినడానికి రెడీగా ఉంటది, అది రాయాలి.

సిగ్‌హప్ వస్తే కాన్ఫిగ్ మళ్ళీ చదువుకుంటదని రాసావు. కరెక్టే, పూర్వం టెర్మినల్ లైన్ తెగిందని చెప్పడానికి పెట్టిన సిగ్నలది, డీమన్‌కి, అంటే వెనకాల నడిచే ప్రోగ్రామ్‌కి, టెర్మినల్ ఉండదు కాబట్టి దాన్ని ఈ పనికి వాడేసుకున్నారు. కానీ హ్యాండ్లర్ పెట్టకముందే అది వచ్చిందనుకో, డిఫాల్ట్‌గా ప్రాసెస్ చచ్చిపోద్ది. మీ ప్రోగ్రామ్ చూస్తే ముందు పిడ్ ఫైల్ (తన ప్రాసెస్ నంబరుండే ఫైలు) రాసేసి, డేటాబేస్‌కి కనెక్టయ్యి, అప్పుడు తీరిగ్గా హ్యాండ్లర్లు పెట్టే సిగ్‌యాక్షన్ పిలుస్తోంది. ఆ మధ్యలో పాత లాగ్‌లు పక్కకి తీసే లాగ్‌రొటేట్ స్క్రిప్టు ఆ పిడ్ చదివి సిగ్‌హప్ కొడితే సర్వీసు పోద్ది, మీ లాగ్‌లో ఎందుకు పోయిందో కూడా ఉండదు. అందుకే హ్యాండ్లర్లు ముందు, పిడ్ ఫైల్ తర్వాత, ఈ వరస డాక్యుమెంట్లో పైనే రాయి, కోడ్ కూడా అలాగే మార్పించు. ఇంకోటి, ఎగ్జెక్ చేస్తే, అంటే అదే ప్రాసెస్‌లో వేరే ప్రోగ్రామ్ ఎక్కిస్తే, హ్యాండ్లర్లన్నీ డిఫాల్ట్‌కి వెళ్ళిపోతాయి గానీ ఇగ్నోర్ చేసినవి ఇగ్నోర్‌గానే ఉంటాయి, టెర్మినల్ మూసేసినా ప్రోగ్రామ్‌ని నడవనిచ్చే నోహప్ కమాండు పనిచేసేదే ఈ కిటుకు మీద.

ప్రోగ్రామ్‌ని ఆగమని చెప్పే సిగ్‌టర్మ్ దగ్గర "ఆగిపోతుంది" అని ఒక్క మాటతో వదిలేసావేంటి? ఎంతసేపట్లో ఆగుద్దో రాయి. సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీ మామూలుగా 90 సెకన్లు చూసి, బలవంతంగా చంపేసే సిగ్‌కిల్ కొట్టేస్తది, దాన్ని ఏ హ్యాండ్లరూ పట్టుకోలేదు.

మన ప్రోగ్రామ్ పుట్టించిన పిల్ల ప్రాసెస్ పోతే వచ్చే సిగ్‌చైల్డ్ సంగతి ఇంకా ముఖ్యం. మామూలు సిగ్నళ్ళు క్యూలో నిలబడవు, ముగ్గురు పిల్ల ప్రాసెస్‌లు ఒకేసారి పోయినా హ్యాండ్లర్ ఒక్కసారే నడవచ్చు. పండక్కి మనింటి వీధి తలుపు చప్పుడు లాంటిదిరా, ఎవరో వచ్చారని తెలుస్తది గానీ ఎంతమందొచ్చారో తలుపు తీసి చూస్తేనే. అందుకే పోయిన పిల్ల ప్రాసెస్‌ల్ని ఒక్కొక్కటిగా లెక్క తీసే వెయిట్‌పిడ్‌ని లూప్‌లో పెట్టాలి, ఎందుకు పెట్టామో పక్కనే రాయాలి, లేకపోతే రేపెవడో కొత్తోడొచ్చి ఆ లూప్ దండగని పీకేస్తాడు. హ్యాండ్లర్‌లో ప్రింట్ఎఫ్, మాలక్ (మెమరీ అడిగే ఫంక్షన్) తీయించెయ్, మాలక్ లాక్ పట్టుకున్నప్పుడే సిగ్నల్ వస్తే ప్రోగ్రామ్ అక్కడే బిగుసుకుపోద్ది. సిగ్నల్ వచ్చిందని గుర్తుగా ఫ్లాగ్ ఒకటి పెట్టి బయటకొచ్చేస్తే చాలు.

డీ-బస్ (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి) మెసేజులు మాత్రం ఈ టేబుల్‌లో కలపకు, వేరే పేజీ పెట్టు. అక్కడ మెథడ్ కాల్‌కి (అవతలి ప్రోగ్రామ్‌ని ఒక పని అడగడానికి) జవాబు రావాలి, లిబ్‌డీబస్ లైబ్రరీ మామూలుగా 25 సెకన్లు ఆగుద్ది. డీ-బస్‌లో సిగ్నలంటే వేరే, ఊరికే చాటింపు, దానికి జవాబుండదు, మ్యాచ్ రూల్ (ఏ సిగ్నళ్ళు మనకి కావాలో చెప్పేది) పెట్టకముందు వెళ్ళిపోయింది మళ్ళీ రాదు. కాబట్టి ముందు రూల్ పెట్టి, తర్వాత ఇప్పుడున్న స్టేటస్ అడగాలి, తిరగేస్తే మధ్యలో వచ్చిన మార్పు జారిపోద్ది.

ఇక టేబుల్‌లో సిగ్‌యూజర్1 (ప్రోగ్రామ్ తన ఇష్టానికి వాడుకునే సిగ్నల్) ఒకటుంది, దాన్ని 10 అని నంబరుతో రాసావు, పేరే రాయి, మిప్స్ ప్రాసెసర్లలో అది 16. అసలు దాన్నెవరు పంపుతున్నారో నాకెక్కడా దొరకలేదు. టైముకి వాటంతటవే నడిచే క్రాన్ స్క్రిప్టుల్లో కిల్ (సిగ్నల్ పంపే కమాండు) అని గ్రెప్ కొట్టి వెతికి చూడు, దొరికితే ఫోన్ చెయ్. టికెట్టు సంగతి కూడా అప్పుడే చెప్పు.