హోం మంత్రి గారూ, తియావ్ నది దాటి వచ్చిన పిల్లల్ని వెనక్కి పంపకండి

కేంద్ర హోం మంత్రి గారికి,

నమస్కారం. విశాఖపట్నం బర్మా క్యాంపు నుంచి రాస్తున్నాను. ఇప్పటికి మూడు అర్జీలు పెట్టాం. రసీదు నంబర్లు వచ్చాయి గానీ జవాబు ఒక్కదానికీ రాలేదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను.

కుర్రాళ్లను బలవంతంగా సైన్యంలో చేర్చుకునేందుకు మయన్మార్ సైన్యం 2024 ఫిబ్రవరి 10న అమల్లోకి తెచ్చిన చట్టం గురించి మీకు చెప్పక్కర్లేదు. మా పెదనాన్న కుటుంబం ఇంకా అక్కడే ఉంది. ఆయన మనవడికి 22 ఏళ్లు. వార్డు మనిషి లిస్టు పట్టుకుని ఇంటికొస్తే మొదటిసారి వాళ్లమ్మ చేతి గాజులు అమ్మి పేరు తీయించింది. ఆరు నెలలు తిరక్కుండానే లాటరీలో మళ్లీ వాడి పేరే వచ్చిందన్నారు. వెళ్లకపోతే మూడు నుంచి ఐదేళ్లు జైలు. వెళ్తే తోటి జనం మీదే తుపాకీ పట్టాలి. రెండేళ్లని చెప్పే సర్వీసును ఎమర్జెన్సీ పేరుతో ఐదేళ్లకు పెంచుకోవచ్చని ఆ చట్టంలోనే ఉంది. 2021 నుంచి నాలుగేళ్లకు పైగా ఎమర్జెన్సీలోనే నడిచిన దేశమండీ అది! పైదేశం పనికి వెళ్దామంటే మగపిల్లలకు ఆ దారీ మూశారు. మాండలేలో పాస్‌పోర్టు ఆఫీసు దగ్గర తొక్కిసలాటలో ఇద్దరు ఆడవాళ్ల ప్రాణాలే పోయాయి.

వాడు రాత్రిళ్లు నడిచి, సరిహద్దులోని తియావ్ నది దాటి మిజోరం చేరాడు. మా నానమ్మ మాట్లాడిన పాతకాలం తెలుగే వాడిదీ. ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది ఒకటే: "బాబాయ్, పంపించేస్తారా?"

2024లోనే మణిపూర్ నుంచి కొందర్ని పంపేశారు. 1,643 కిలోమీటర్ల సరిహద్దుకు కంచె అంటున్నారు. దేశ భద్రత చూడొద్దని మేం అనం. దొంగసరుకు తెచ్చేవాణ్ణీ, తుపాకీ పట్టనని పారిపోయి వచ్చినవాణ్ణీ ఒకే గాటన కట్టొద్దంటున్నాం. పంపితే వాడు చేరేది ఇంటికి కాదు, జైలుకో బ్యారక్‌కో.

కోరంగి రేవులో ఓడెక్కి వెళ్లినవాళ్లమని బర్మాలో మమ్మల్ని కోరంగులు అనేవారు. 1960ల్లో అక్కడి సైనిక ప్రభుత్వం దుకాణాలు లాక్కుంటే, చేతిలో ట్రంకుపెట్టెతో ఓడ దిగిన మా నాన్నకు ఈ దేశం చోటిచ్చింది. ఆ నేల మీద కూర్చునే ఈ ఉత్తరం రాస్తున్నాను.

శరణార్థుల కోసం మనకు ప్రత్యేక చట్టం లేదు. అంతా మీ చేతిలోనే ఉంది. సైన్యంలో చేరనని వచ్చినవాళ్లను పంపబోమని ఒక్క ఆర్డరు రాతపూర్వకంగా ఇవ్వండి. దయచేసి పంపకండి. ఈసారి రసీదు నంబరు వద్దండీ, జవాబు కావాలి. ఆదివారం వాడు మళ్లీ ఫోన్ చేస్తాడు.

ఇట్లు,
బర్మా క్యాంపు వాసి, విశాఖపట్నం