పాత కచేరీ హోటలైతే అభ్యంతరం లేదు, మేడ మీద బాత్రూంలు మాత్రం వద్దు

గౌరవనీయులైన రాష్ట్ర పర్యాటక శాఖ మంత్రి గారికి,

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు ఉత్తర ఆర్కాటు జిల్లాకూ చిత్తూరే ముఖ్య పట్టణం. ఆ కాలపు తరహాలో సున్నంతో, టేకుతో కట్టి, రక్షిత జాబితాలో చేరిన కచేరీ, అంటే పాత సర్కారు ఆఫీసు, ఏదైనా హోటలు కావడానికి మేము అడ్డం చెప్పం. తాళం వేసి వదిలేసిన కట్టడం ఇంకా తొందరగా పోతుంది. గోడ పగుల్లో రావి మొక్క మొలిచినా పీకేవాళ్ళుండరు. మేము వద్దనేది ఒక్కటే, మేడ మీద గదికో బాత్రూం.

ఆ మేడ నేల మద్రాసు టెర్రస్. టేకు దూలాలు పరిచి, వాటి మీద 6 అంగుళాల పొడవు, 3 అంగుళాల వెడల్పు, అంగుళం మందమున్న పలుచటి ఇటుకల్ని నిలబెట్టి, ఐమూలగా సున్నంలో పేరుస్తారు. పైన 3 అంగుళాల ఇటుక జల్లి, సున్నం వేసి దిమ్మిసతో గట్టిగా కొడతారు. ఇందులో ఇనుప చువ్వ ఒక్కటీ ఉండదు.

హోటలంటే మంచాలు, అతిథుల బరువు పెరుగుతుందని భయపడతారు. అది నిజం కాదు. మన ప్రమాణాల ప్రకారం ఆఫీసు గది నేల చదరపు మీటరుకు కనీసం 250 కిలోలు మోయాలి, హోటలు గదికి 200 చాలు. ప్రమాదం బాత్రూంలో ఉంది. పైపుల కోసం అడుగు లోతు దించి ఇటుక ముక్కలతో నింపితే, ఆ పూడికే చదరపు మీటరుకు దాదాపు 480 కిలోలు. 5 అడుగులకు 8 అడుగుల బాత్రూంకు టన్నున్నరకు పైనే. ఆ లోతు కోసం మద్రాసు టెర్రస్‌ను తవ్వితే ఇటుకల పట్టు తెగిపోతుంది, మళ్ళీ కుదరదు.

నీళ్ళది మరో లెక్క. జాతీయ భవన నిర్మాణ నియమావళి ఆఫీసులో మనిషికి రోజుకు 45 లీటర్లు, త్రీస్టార్ స్థాయి దాకా హోటల్లో పడకకు 180 లీటర్లు లెక్క కడుతుంది. 20 గదులు, 40 పడకలంటే రోజుకు 7,200 లీటర్లు ఆ పాత గోడల మధ్య నుంచే పారాలి. ఎక్కడో ఒక జాయింటు చెమ్మగిల్లక మానదు. అప్పుడు ముందు పుచ్చేది దూలం నడుమ కాదు, గోడలో దూర్చిన కొస. కలపలో తేమ 20 శాతం దాటిందంటే బూజు పడుతుంది. కింద నుంచి చూస్తే రంగు చెక్కు చెదరదు. స్క్రూడ్రైవరు ఆనిస్తే మాత్రం తడిసిన అట్టలో దిగినట్టు దిగిపోతుంది. ఫాల్స్ సీలింగ్ బిగిస్తే చెమ్మ మరక పడినా కంటబడదు. చంద్రగిరి రాజమహల్‌ను ఇటుక, రాయి, సున్నంతో, కలప లేకుండా కట్టారు. అక్కడ ఈ బెడద లేదు, కచేరీకి ఉంది.

కాబట్టి పాత కట్టడంలో రిసెప్షను, భోజనశాల, చదువుకునే గది, సమావేశ మందిరం పెట్టించండి. పడక గదులు, వంటగది, నీళ్ళ ట్యాంకు, లిఫ్టు, రెండో మెట్ల దారి వెనక ఖాళీ స్థలంలో విడిగా లేచే కొత్త బ్లాకులోకి పోవాలి, అదీ పాతదానికంటే ఎత్తు కాకుండా. 10,000 లీటర్ల ట్యాంకంటే 10 టన్నులు. దాన్ని పాత మిద్దె మీదికి ఎక్కించనే కూడదు. పాతదాంట్లోనే కొన్ని పడక గదులు తప్పవంటే కింది అంతస్తులో, బయటి గోడను ఆనుకుని, పైపులు గోడలో పూడ్చకుండా కంటికి కనబడేలా వేయించండి.

గోడలకు సిమెంటు పూయనివ్వొద్దు. సున్నపు గోడ పీల్చిన తడిని గాలికి వదిలేస్తుంది. సిమెంటు కింద ఆ తడి చిక్కుకుని, ఉప్పు పేరుకుని, అడుగు భాగం పెచ్చులూడుతుంది. ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళ ఇసుక కలిపి గానుగలో ఆడించి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళతో పూయాలి. ఒక్కో పూతను తడి గోనెలతో కాపాడుతూ నిదానంగా ఆరనివ్వాలి. మన ఏప్రిల్, మే ఎండల్లో తొందరపడితే వెంట్రుక వాసి పగుళ్ళొస్తాయి. ఆరు నెలల్లో ప్రారంభోత్సవమని గడువు పెడితే కాంట్రాక్టరు చేతికి సిమెంటు సంచి మనమే అందించినట్టు.

మాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరు వరదలు మీకూ తెలిసినవే. ఆ మూడు నెలలు ఎక్కడ ఎంత కారుతుందో రాసుకోకుండా అంచనా వేస్తే అది కాగితం లెక్కే అవుతుంది. ప్రతి దూలానికీ నంబరు వేసి, రెండు కొసల్నీ సుత్తితో తట్టి, తేమ కొలిచి పటంలో గుర్తించాలి. టెండరు పిలిచే ముందే, ప్రభుత్వ ఖర్చుతోనే, ఆ పటం గీయించండి.

ఇట్లు,
పాత సున్నపు కట్టడాల మరమ్మతు పనిలో ఉన్న ఇంజనీర్లు, తాపీ మేస్త్రీలు, వడ్రంగులు
చిత్తూరు